బుట్టలో వేసిన మొక్కలు ఎక్కడికి పోతాయి? సెషన్లు, అర్రేలు, లూపుల చిక్కు

కడియం, కడియపులంక చుట్టుపక్కల ఉన్న నర్సరీల్లో ఒకదానికి వెబ్‌సైట్ రాస్తున్నాం అనుకుందాం. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కడుతున్న కాంట్రాక్టర్ ఒకాయన 200 నూరువరహాల మొక్కలు, 40 సపోటా అంట్లు బుట్టలో వేశాడు. మందారాలు చూద్దామని ఇంకో పేజీకి వెళ్లి వచ్చేసరికి బుట్ట ఖాళీ. విసుక్కుని, కొన్ని మందారాలతో కలిపి మళ్లీ వేశాడు. ఈసారి బుట్ట నిలబడింది గానీ, బిల్లు పేజీలో 120 రూపాయల సపోటా అంటు 40 రూపాయలకే పడింది. ఆయన కిక్కురుమనకుండా ఆర్డర్ పెట్టేశాడు. నర్సరీ యజమాని ఫోన్ మాత్రం మీకే వస్తుంది.

మొదటిది సెషన్ గొడవ, అంటే కొనేవాడి బుట్టని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి గుర్తుంచుకునే ఏర్పాటు గొడవ. రెండోది అర్రే (ఒకే పేరు కింద పేర్చిన విలువలు) మీద తిప్పిన లూపు (ఒక్కో విలువకీ అదే పని మళ్లీ మళ్లీ చేసే కోడ్) గొడవ. పుస్తకాల్లో ఇవి రెండూ వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి కాబట్టి వేర్వేరు జబ్బులని అనుకుంటాం. నా లెక్కలో రెండింటి మూలం ఒకటే. ఇప్పుడు మన చేతిలో ఉన్నది అసలా, నకలా? నకలైతే అసలు ఎక్కడ ఉంది? ఈ రెండు ప్రశ్నలకి జవాబు తెలియకుండా కోడ్ రాయడమే. ఇక్కడ ఉదాహరణలన్నీ పీహెచ్‌పీవి (సర్వర్ మీద, అంటే సైటు ఉండే కంప్యూటర్ మీద, పేజీలు తయారుచేసే భాష ఇది), ఎందుకంటే చిన్న వ్యాపారాలు కొనుక్కునే చవక హోస్టింగ్‌లో సాధారణంగా దొరికేది అదే.

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రోగ్రామింగ్ ఎక్కువగా సీ భాషతో మొదలవుతుంది. సీలో ప్రోగ్రామ్ ఒకసారి మొదలైతే ముగిసేదాకా దాని ముఖ్యభాగంలో పెట్టుకున్న వేరియబుళ్లు (విలువలు దాచుకునే పేర్లు) మెమరీలో అలాగే ఉంటాయి. వాడేవాడు పది నిమిషాలు ఆలోచించి అంకె కొట్టినా ప్రోగ్రామ్ కాచుకుని కూర్చుంటుంది. పీహెచ్‌పీ స్క్రిప్ట్ ఎవరి కోసమూ కూర్చోదు. బ్రౌజర్ నుంచి రిక్వెస్ట్ (ఫలానా పేజీ కావాలన్న కబురు) రాగానే మొదలవుతుంది, పేజీ తయారుచేసి పంపుతుంది, ముగిసిపోతుంది. దాంతోపాటే అది పెట్టుకున్న వేరియబుళ్లూ పోతాయి. కాంట్రాక్టర్ తాపీగా మొక్కల ఫొటోలు చూస్తున్నంతసేపూ సర్వర్లో ఆయన కోసం నడుస్తున్న ప్రోగ్రామ్ అంటూ ఏదీ లేదు. తర్వాతి క్లిక్ మళ్లీ మొదటి నుంచి మొదలు. వెబ్ నడిచే హెచ్‌టీటీపీ పద్ధతే అంత: ఏ రిక్వెస్ట్‌కి ఆ రిక్వెస్టే, ముందు వచ్చినవాడే మళ్లీ వచ్చాడని దానికి తెలియదు.

ఈ మతిమరుపుకి మందుగా 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పనిచేస్తున్న లూ మోంటుల్లి కుకీని కనిపెట్టాడు. సర్వర్ ఒక చిన్న ముక్క సమాచారం బ్రౌజర్‌కి ఇస్తుంది, బ్రౌజర్ దాన్ని దాచుకుని ఆ సైటుకి వెళ్లిన ప్రతిసారీ తిరిగి చూపిస్తుంది. అంతే. బుట్ట మొత్తాన్ని కుకీలోనే పెట్టేస్తే సరిపోదా అంటే, ఒక్కో కుకీకి దాదాపు 4 కిలోబైట్లే హద్దు. పైగా అది వాడేవాడి కంప్యూటర్లో ఉంటుంది కాబట్టి దాన్ని ఆయన దిద్దుకోగలడు. అందుకే సరుకు సర్వర్ దగ్గర పెట్టి, బ్రౌజర్‌కి గుర్తు మాత్రం ఇచ్చే పద్ధతి వచ్చింది. అదే సెషన్. పీహెచ్‌పీలో ఇది 2000లో నాలుగో వెర్షన్‌తో భాషలో భాగమైంది.

రొయ్యల చెరువులు చేసేవాళ్లకి మేత కొట్టులో ఖాతా ఉంటుంది కదా. రైతు జేబులో ఉండేది ఖాతా నంబరు రాసిన చీటీ, బస్తాల లెక్కంతా కొట్టులో పుస్తకంలో ఉంటుంది. చీటీ పోతే పుస్తకంలో లెక్క చెరిగిపోదు, కానీ అది ఎవరిదో తేల్చే దారి ఉండదు. చీటీ ఇంకొకడికి దొరికితే వాడు మన ఖాతా మీద బస్తాలు ఎత్తుకుపోగలడు. సెషన్ కుకీ ఆ చీటీ. పీహెచ్‌పీలో దాని పేరు మామూలుగా పీహెచ్‌పీసెస్ఐడీ, లోపల ఊహకందని పొడవాటి అక్షరాల వరస. పుస్తకంలో పేజీ లాంటిది సర్వర్లో ఒక ఫైలు. దాని పేరు ‘సెస్’ అనే అక్షరాలు, ఒక అండర్‌స్కోర్, ఆ వెనకే అదే వరస.

సెషన్_స్టార్ట్ అని పిలవగానే జరిగేది ఇది. పీహెచ్‌పీ కుకీలో నంబరు చూస్తుంది, ఆ ఫైలు తెరుస్తుంది, లోపలి సమాచారాన్ని డాలర్-అండర్‌స్కోర్-సెషన్ అనే అర్రేలోకి ఎక్కిస్తుంది. ఇక స్క్రిప్ట్ నడుస్తున్నంతసేపూ మీరు మార్చేది ఆ అర్రేనే, ఫైల్‌ని కాదు. స్క్రిప్ట్ ముగిసేటప్పుడు అర్రేని మళ్లీ ఫైల్‌లో రాస్తుంది. అంటే సెషన్ వేరియబుల్ కూడా ఒక నకలే. పేజీ మొదట్లో తీసిన నకలు, పేజీ చివర్లో అసలు మీద అచ్చు వేస్తారు. ఇది మనసులో పెట్టుకుంటే చాలా సంగతులు వాటంతటవే విడిపోతాయి. సెషన్_స్టార్ట్ పిలవని పేజీలో సెషన్ ఎందుకు ఖాళీగా ఉంటుంది? నకలు తీయలేదు కాబట్టి. డేటాబేస్ కనెక్షన్‌ని సెషన్‌లో దాచితే తర్వాతి పేజీలో ఎందుకు పనిచేయదు? ఫైల్‌లో రాయగలిగింది అంకెలు, మాటలు, అర్రేలు, ఆబ్జెక్టుల్లాంటివే. తెరిచి ఉన్న కనెక్షన్‌ని రాసిపెట్టడం కుదరదు.

పాత నోట్సు చదివేవాళ్లకి ఒక మాట. సెషన్_రిజిస్టర్ అనే ఫంక్షన్ ఎక్కడైనా కనిపిస్తే ఆ కాగితం పక్కన పెట్టేయండి. 2001 చివర్లో వచ్చిన 4.1 వెర్షన్ నుంచి ఇప్పటి అర్రే పద్ధతి ఉంది, 2012లో వచ్చిన 5.4లో ఆ పాత ఫంక్షన్‌ని పూర్తిగా తీసేశారు.

ఇంకో అపోహ కూడా ఉంది. సెషన్ అంటే మనిషి అనుకుంటారు. కాదు, సెషన్ అంటే బ్రౌజర్. తండ్రి ఫోన్లో బుట్ట నింపి, ‘ఒరేయ్, లాప్‌టాప్‌లో బిల్లు తియ్యి’ అంటే కొడుకు లాప్‌టాప్‌లో బుట్ట ఉండదు. చీటీ నాన్న ఫోన్లో ఉంది. మనిషిని పట్టి బుట్ట కనిపించాలంటే లాగిన్ ఉండాలి, బుట్ట డేటాబేస్‌లోకి వెళ్లాలి. సెషన్ మీద అంత భారం వేయకూడదు.

బుట్ట ఖాళీ ఎందుకైంది

సెషన్_స్టార్ట్ మర్చిపోవడం అందరికీ తెలిసిన కారణమే, దాన్ని వదిలేద్దాం. మన తెలుగువాళ్లని ప్రత్యేకంగా ఏడిపించేది ఇంకొకటి ఉంది. కుకీ అనేది పేజీ కంటే ముందు, హెడర్లలో (పేజీకి ముందు సర్వర్ పంపే సమాచారంలో) వెళ్లాలి. పేజీలో ఒక్క అక్షరం బయటికి పోయినా ఇక హెడర్లు మార్చలేం. మొక్కల పేర్లు తెలుగులో ఉండాలని ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8గా (తెలుగు అక్షరాలనీ దాచగల పద్ధతిలో) సేవ్ చేస్తాం. పాత నోట్‌ప్యాడ్ ఫైల్ మొదట్లో కంటికి కనిపించని మూడు బైట్ల గుర్తు పెట్టేది, దాన్నే బామ్ అంటారు. పీహెచ్‌పీ ఆ మూడు బైట్లనీ పేజీలో భాగమనుకుని ముందే పంపేస్తుంది. ఆ తర్వాత సెషన్_స్టార్ట్ వచ్చి కుకీ పంపబోతే ‘హెడర్లు ఇప్పటికే వెళ్లిపోయాయి’ అన్న హెచ్చరిక. కోడ్‌ని పైనుంచి కిందికి ఎంత చదివినా తప్పు కనిపించదు, ఎందుకంటే తప్పు కనిపించని అక్షరంలో ఉంది. 2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ ఈ గుర్తు లేకుండానే సేవ్ చేస్తోంది గానీ, నెట్ సెంటర్లలో, పాత ఆఫీసు కంప్యూటర్లలో తయారైన ఫైళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మన కంప్యూటర్లో అవుట్‌పుట్ బఫరింగ్ (పేజీని వెంటనే పంపకుండా కాసేపు పోగుచేసుకోవడం) ఆన్‌లో ఉంటే ఈ తప్పు దాక్కుంటుంది, సర్వర్‌కి ఎక్కించాక బయటపడుతుంది. ‘నా దగ్గర బాగానే పనిచేసింది సార్’ అనే మాట అబద్ధం కాదు.

రెండోది చిరునామా. డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ ఉన్న చిరునామా, లేని చిరునామా మనకి ఒకటే, బ్రౌజర్‌కి కాదు. మీరేమీ సెట్ చేయకపోతే ఒకదానికి ఇచ్చిన కుకీని రెండోదానికి చూపించదు. వాట్సాప్‌లో పంపిన లింక్ ఒక రకంగా, పేజీలోని బటన్ ఇంకో రకంగా ఉంటే కొనేవాడు మధ్యలో ఖాతా మారిపోయి కొత్త బుట్టతో తేలతాడు. అన్నింటినీ ఒకే చిరునామాకి మళ్లించడమే మార్గం.

అన్నింటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది మూడోది, కాలం. పీహెచ్‌పీలో సెషన్ సమాచారానికి మామూలుగా పెట్టి ఉండే గడువు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. బుట్ట నింపి, భోజనానికి లేచి, ఓ కునుకు తీసి వస్తే గడువు దాటిపోతుంది. కానీ గడువు దాటిన క్షణానే ఫైల్ పోదు. ఎవరో ఒకరి రిక్వెస్ట్ వచ్చినప్పుడు లాటరీ తీసినట్టు, నూటికో వెయ్యికో ఒకసారి, పీహెచ్‌పీ పాత ఫైళ్లని ఊడ్చేస్తుంది. సైటుకి రద్దీ లేకపోతే గంటల తరబడి ఊడ్పు జరగదు, బుట్ట నిక్షేపంలా ఉంటుంది. తొలకరి పడి మొక్కలకి గిరాకీ పెరిగిందా, రిక్వెస్టులు పెరుగుతాయి, ఊడ్పులు పెరుగుతాయి, బుట్టలు మాయమవుతాయి. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాలు నడిచే సర్వర్లలో ఈ లాటరీ లేకుండా, షెడ్యూల్ ప్రకారం వచ్చి ఊడ్చే వేరే పని పెట్టారు. చవక హోస్టింగ్‌లో ఇంకో తంటా: పది సైట్లు ఒకే ఫోల్డర్‌లో సెషన్ ఫైళ్లు పెట్టుకుంటే, అందులో తక్కువ గడువు పెట్టుకున్న సైటు అందరి ఫైళ్లనీ ఊడ్చేస్తుంది. మీరు మీ సెట్టింగ్‌లో గంట అని రాసుకున్నా, పక్క సైటు పది నిమిషాలు అని రాసుకుంటే మీకు దక్కేది పదే. మీ సెషన్లకి విడిగా ఒక ఫోల్డర్ పెట్టుకోండి, గడువు పెంచేది ఆ తర్వాత.

బుట్ట అనే అర్రే

ఇక బుట్ట లోపలికి వద్దాం. పీహెచ్‌పీ అర్రే సీ అర్రే లాంటిది కాదు. అది వరసని గుర్తుపెట్టుకునే కీ–విలువల జాబితా: కీ అంటే గది పేరు, విలువ అంటే ఆ గదిలో ఉన్నది. బుట్టలో కీ ఏదన్న నిర్ణయమే సగం పని. ఒకటో వస్తువు, రెండో వస్తువు అని పేర్చుకుంటూ పోతే, కొనేవాడు మందారని రెండుసార్లు నొక్కినప్పుడు మందార రెండు వరసల్లో పడుతుంది. మొక్క నంబరునే కీగా పెట్టి, ఎన్ని అన్నది విలువగా పెడితే రెండోసారి నొక్కినప్పుడు అంకె పెరుగుతుంది. అయితే నర్సరీలో అదే మందార కవరులో ఒక ధర, కుండీలో ఒక ధర. కాబట్టి మొక్క నంబరు ఒక్కటే చాలదు, సైజు కూడా కీలో కలవాలి. ఇది కంప్యూటర్ ముందు కూర్చుంటే తట్టే విషయం కాదు, నర్సరీలో ఒక పూట నిలబడితే తెలుస్తుంది.

కీల విషయంలో పీహెచ్‌పీకి ఒక వింత అలవాటు. ‘12’ అని మాటగా ఇచ్చినా దాన్ని 12 అనే అంకెగా మార్చుకుంటుంది. ‘012’ అని ఇస్తే మాత్రం మాటగానే ఉంచుతుంది. యజమాని ఎక్సెల్ షీట్‌లో ఒకచోట 12, ఇంకోచోట 012 అని రాసి ఉంటే ఒకే మొక్క బుట్టలో రెండు మొక్కలవుతుంది.

బుట్టలోంచి ఒక మొక్క తీసేయాలంటే అన్‌సెట్ వాడతాం. అది ఆ గదిని తీసేస్తుంది, మిగతావాటి నంబర్లు మార్చదు. 0 నుంచి 4 దాకా అయిదు వస్తువుల్లో 1ని తీసేస్తే మిగిలేవి 0, 2, 3, 4. ఇప్పుడు సీ అలవాటుతో ‘సున్నా నుంచి కౌంట్ దాకా’ అని ఫర్ లూప్ తిప్పితే కౌంట్ 4 కాబట్టి 0, 1, 2, 3 చూస్తుంది. 1 దగ్గర ఏమీ లేదు, హెచ్చరిక వస్తుంది. 4 దగ్గరికి లూప్ వెళ్లదు. చివర వేసిన మొక్క బిల్లులోకి రాదు. హెచ్చరికలు కనిపించకుండా ఆపేసిన సర్వర్లో ఇది యజమాని లారీ ఎక్కించేదాకా బయటపడదు. బుట్ట లాంటి అర్రేకి ఫర్ లూప్ వద్దు, ఫర్‌ఈచ్ వాడండి. అది ఉన్న గదులనే చూస్తుంది.

ఫర్‌ఈచ్‌లోనే మన అసలు–నకలు కథ మళ్లీ మొదలవుతుంది. ‘బుట్టలో ఒక్కో వస్తువుని వస్తువు అనే వేరియబుల్‌లోకి తీసుకో’ అని రాసి, లోపల వస్తువు సంఖ్య మార్చితే బుట్టలో ఏమీ మారదు. మార్చింది నకలుని. లూప్ ముగిశాక బుట్ట అచ్చు పాతదే. సెషన్ పనిచేయట్లేదని గంటలు గడిపేవాళ్లలో కొందరి సమస్య నిజానికి ఇది, సెషన్‌కి దీంతో సంబంధం లేదు. కీని కూడా లూప్‌లో తీసుకుని, ఆ కీతో నేరుగా సెషన్ అర్రేలోని గదినే మార్చడం సరైన పద్ధతి.

ఇది తెలిసిన కొందరు అడ్డదారిగా వేరియబుల్ ముందు యాంపర్సెండ్ (&) గుర్తు పెడతారు. అప్పుడు ఆ వేరియబుల్ నకలు కాదు, అసలు గదికే ఇంకో పేరు. పని జరుగుతుంది. కానీ లూప్ అయిపోయాక కూడా ఆ పేరు చివరి గదిని వదలదు. కాంట్రాక్టర్ సపోటా ధర పడిపోయింది ఇక్కడే. బుట్టలో నూరువరహాలు, మందార, సపోటా ధరలు వరసగా 30, 40, 120 అనుకోండి. మొదటి లూప్ యాంపర్సెండ్‌తో తిరిగింది, ముగిశాక ఆ పేరు 120 గదిని పట్టుకుని ఉంది. కింద బిల్లు ముద్రించడానికి అదే పేరుతో, యాంపర్సెండ్ లేకుండా ఇంకో లూప్. ఈ లూప్ మొదటి తిరుగుడులో 30ని ఆ పేరులో వేస్తుంది, అంటే మూడో గదిలో వేస్తుంది. అర్రే 30, 40, 30 అయింది. రెండో తిరుగుడులో 40ని వేస్తుంది, 30, 40, 40 అయింది. మూడో తిరుగుడులో మూడో గదిని చదువుతుంది, అక్కడ ఉన్నది 40. ఎక్కడా ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఈ అర్రే సెషన్‌లోదైతే స్క్రిప్ట్ ముగిసేటప్పుడు తప్పు ధర ఫైల్‌లోకి కూడా వెళ్లి తర్వాతి పేజీలన్నింటికీ పాకుతుంది. మొదటి లూప్ కాగానే ఆ వేరియబుల్‌ని అన్‌సెట్ చేస్తే పట్టు విడిపోతుంది. అసలు యాంపర్సెండే వాడకపోతే ఇంకా నయం.

ధర సెషన్‌లో ఎందుకు ఉంది అన్నది వేరే ప్రశ్న, నిజానికి పెద్ద ప్రశ్న. అంబాజీపేటలో కొబ్బరి ధరైనా, రావులపాలెంలో అరటి గెల ధరైనా ఉదయం ఉన్నది సాయంత్రం ఉంటుందన్న నమ్మకం లేదు. బుట్టలో మొక్క ఏది, ఎన్ని అన్నదే ఉండాలి. ధర బిల్లు వేసేటప్పుడు డేటాబేస్‌లోంచి తీసుకోవాలి. ధరని ఫారంలో దాచిన గడిలో పంపడం ఇంకా ఘోరం, కొనేవాడు దాన్ని తనకి నచ్చినట్టు మార్చి పంపగలడు.

లాగిన్ అయినప్పుడు డేటాబేస్‌లో పాత బుట్ట, సెషన్‌లో కొత్త బుట్ట కలపాల్సి వస్తుంది. అర్రే_మెర్జ్ అనే ఫంక్షన్ పేరు చూసి చాలామంది దాన్నే వాడతారు. అది అంకె కీలని సున్నా నుంచి కొత్తగా లెక్కేస్తుంది. కీ మొక్క నంబరు ఒక్కటే అయితే 12వ నంబరు మందార 0వ మొక్క అయిపోతుంది. ప్లస్ గుర్తుతో కలిపితే కీలు నిలుస్తాయి గానీ, రెండు బుట్టల్లోనూ ఉన్న మొక్కకి ఎడమవైపు సంఖ్యే ఉంటుంది, కుడివైపుది కలవదు. కాబట్టి ఫర్‌ఈచ్ తిప్పి, కీ ఉంటే కూడడం, లేకపోతే చేర్చడం. నాలుగు వరసల కోడ్.

హోల్‌సేల్ వాళ్ల కోసం అన్ని రకాలూ ఒకే పేజీలో పెట్టి, పక్కన ఎన్ని కావాలో రాసే గడులు ఇవ్వడం నర్సరీలకి ఇష్టం. ఆ గడులన్నీ పీహెచ్‌పీకి ఒక అర్రేగా వస్తాయి, లూప్ తిప్పి బుట్టలో వేస్తాం. సున్నాలు, మైనస్ అంకెలు, అక్షరాలు అక్కడే ఏరిపారేయాలి. కానీ 5.3.9 వెర్షన్ నుంచి ఒక రిక్వెస్ట్‌లో వచ్చే గడులకి మామూలుగా 1000 హద్దు. మొక్కకి రెండు గడులు పెడితే 500 మొక్కల దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాతవి అర్రేలోకి రానే రావు. లూప్‌లో తప్పు వెతికి లాభం లేదు. మ్యాక్స్_ఇన్‌పుట్_వార్స్ అనే సెట్టింగ్ పెంచాలి, లేదా పేజీని విడగొట్టాలి.

తాళం, తాళంచెవి

సెషన్ ఫైల్‌ని ఒక స్క్రిప్ట్ తెరిచిందంటే ముగిసేదాకా దానికి తాళం వేసుకుంటుంది. అదే బ్రౌజర్ నుంచి వచ్చిన రెండో రిక్వెస్ట్ బయట నిలబడాలి. రెండు నకళ్లు ఒకేసారి అసలు మీద అచ్చు పడితే ఒకటి పోతుంది కాబట్టి ఈ తాళం మంచిదే. అయితే పెద్ద బిల్లు పీడీఎఫ్ తయారవుతున్న అరనిమిషంలో కొనేవాడు ఇంకో ట్యాబ్ తెరిస్తే అది గిర్రున తిరుగుతూ ఉంటుంది, నెట్ స్లో అని తిట్టుకుంటాడు. సెషన్‌తో పని అయిపోగానే సెషన్_రైట్_క్లోజ్ పిలిచి తాళం తీసేయాలి. ఆ తర్వాత సెషన్ అర్రేలో రాసినవి ఫైల్‌కి చేరవు, కాబట్టి రాయాల్సింది ముందే రాయాలి.

చీటీ దొంగతనం సంగతి కూడా చూడాలి. లాగిన్ కాగానే సెషన్_రీజనరేట్_ఐడీ పిలిచి పాత నంబరు రద్దు చేయాలి. లేకపోతే లాగిన్‌కి ముందే ఎవరో అంటగట్టిన నంబరు లాగిన్ తర్వాత కూడా చెల్లుతుంది. కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ (పేజీలో నడిచే స్క్రిప్టులకి కుకీ చిక్కకుండా), సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్ మీదే కుకీ వెళ్లేలా) గుర్తులు పెట్టాలి. నెట్ సెంటర్లో ఒకే కంప్యూటర్ మీద పదిమంది పనిచేసే చోట లాగౌట్ సరిగ్గా ఉండాలి. సెషన్_డిస్ట్రాయ్ ఒక్కటే చాలదు. అది ఫైల్‌ని తీసేస్తుంది గానీ, నడుస్తున్న పేజీలోని అర్రేని, బ్రౌజర్లోని కుకీని ముట్టుకోదు. ముందు అర్రే ఖాళీ చేయాలి, కుకీ గడువు తీర్చాలి, అప్పుడు డిస్ట్రాయ్.

ఇక బుట్ట ఖాళీ అని మళ్లీ ఫోన్ వచ్చిందనుకోండి. కోడ్ చదవడం మొదలుపెట్టకండి. బుట్టలో వేసే పేజీ, బుట్ట చూపే పేజీ రెండింట్లోనూ సెషన్_స్టార్ట్ కాగానే సెషన్ నంబరునీ, సెషన్ అర్రేనీ లాగ్ ఫైల్‌లో రాయించండి. మధ్యలో లాగిన్ లేకుండానే రెండు చోట్లా నంబరు వేరైతే చీటీ మారింది: కుకీ, బామ్, చిరునామా చూడండి. నంబరు ఒకటే అయి, అర్రే ఖాళీగా ఉంటే ఫైల్ ఊడ్పులో పోయి ఉండొచ్చు: గడువు, ఫోల్డర్ చూడండి. అర్రే నిండుగా ఉండి లోపలి అంకెలే తప్పైతే సెషన్‌ని వదిలేసి, ముందు పేజీలో తిరిగిన లూపుల్లో యాంపర్సెండ్ ఉందేమో వెతకండి.